చెట్టుకు నంబరు పడ్డాక

ప్రశ్న: మా వీధిలో పాత చెట్లు ఇరవై దాకా ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేస్తామంటూ పదిహేనింటికి ఎర్ర రంగుతో నంబర్లు వేసి వెళ్లారు. వెంటనే ధర్నాకు కూర్చోవాలా?

జవాబు: ముందు టేపు, కెమెరా తీసుకుని వీధిలోకి రండి. ఒక్కో చెట్టుకు ఒక్కో పేజీ కేటాయించండి. వాళ్లు వేసిన నంబరు, చెట్టు జాతి, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో మాను చుట్టుకొలత, రోడ్డు అంచుకు ఎంత దూరం, తొర్రలు, గూళ్లు అన్నీ రాయండి. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. టేపు మీద అంకె ఫొటోలో కనబడాలి. కొట్టేశాక ‘లోపలంతా పుచ్చిపోయింది’ అంటే కాదనడానికి మీ చేతిలో ఉండేది ఇదొక్కటే.

తర్వాత మూడు కాగితాలు రాతపూర్వకంగా అడగండి: నరకడానికిచ్చిన అనుమతి, చెట్లను పరీక్షించిన నివేదిక, రోడ్డు డిజైన్ పటం. మూడింటిలో పటమే ముఖ్యం. కాలువనో, పార్కింగ్‌నో ఒక మీటరు జరిపితే ఎన్ని చెట్లు బతుకుతాయో దాని మీద గీసి చూపించవచ్చు. అభ్యంతరాల గడువు ఏ రోజుతో ముగుస్తుందో కూడా అప్పుడే తెలుసుకోండి. ఐదు వందల సంతకాలున్న అర్జీని ఒకే అభ్యంతరం కింద లెక్కగట్టే కార్యాలయాలున్నాయి. అందుకని ఇంటికొకరు విడిగా, చెట్టు నంబరు వేసి మరీ రాయండి. ‘చెట్లు ప్రాణవాయువునిస్తాయి’ అని రాస్తే ఫైలులో పడి ఉంటుంది. ‘7వ నంబరు చెట్టు రోడ్డు అంచుకు రెండు మీటర్ల అవతల ఉంది, దాన్నెందుకు తీస్తున్నారు?’ అని రాస్తే జవాబు చెప్పక తప్పదు.

ప్రశ్న: మాను బోలుగా ఉంది, పడిపోతుంది అంటున్నారు. నిజమేనా?

జవాబు: బోలుగా ఉన్నంత మాత్రాన పడిపోదు. మధ్యనున్న చేవ ఎప్పుడో చచ్చిన కణజాలం. నీరు పైకెక్కేది, చెట్టు లావెక్కేది బయటి పొరల్లోనే. గట్టి చెక్క మందం వ్యాసార్ధంలో మూడో వంతు మిగిలి ఉంటే మాను సాధారణంగా నిలబడుతుందని నిపుణుల అంచనా. మాను అడ్డంగా 90 సెంటీమీటర్లుంటే వ్యాసార్ధం 45. చుట్టూ 15 సెంటీమీటర్ల గట్టి చెక్క ఉండాలన్నమాట. తొర్ర ఒక పక్కకు పెద్దగా తెరుచుకున్నా, వేళ్లు కుళ్లినా ఈ లెక్క పనికిరాదు. సుత్తి దెబ్బకు డొల్ల శబ్దం వస్తే అది అనుమానమే తప్ప రుజువు కాదు. మందం తేల్చేది ధ్వని తరంగాల పరీక్ష, లేదా సన్నటి సూది దించి చూసే పరీక్ష. అవి చేశారా అని అడగండి.

భయపడాల్సిన గుర్తులు వేరు. మాను మొదలు దగ్గర బల్లల్లా పొడుచుకొచ్చిన పుట్టగొడుగులు, వాలిన వైపుకు ఎదుటి పక్క నేలలో కొత్త పగులు, ఈమధ్యే మొదలైన వాలు. చిన్నప్పటి నుంచీ వాలి పెరిగిన చెట్టుకు కొస మళ్లీ నిటారుగా తిరుగుతుంది, దానికి కంగారక్కర్లేదు. పదిహేనింటిలో ఒకటి నిజంగానే ప్రమాదకరమని తేలితే, ఒప్పేసుకోండి. మిగిలిన పద్నాలుగు విషయంలో మీ మాటకు విలువ పెరుగుతుంది.

ప్రశ్న: వేళ్లు ఫుట్‌పాత్‌ను లేపేశాయి. చెట్టు తీయడం తప్ప దారి లేదా?

జవాబు: ఉంది. పలకల కింద తేమ, గాలి దొరుకుతాయి కాబట్టి వేళ్లు అక్కడికి చేరి ఏటేటా లావవుతాయి. ఆ చోట కాలిబాటను కాస్త ఎత్తు చేసి రెండు వైపులా వాలు ఇవ్వొచ్చు. అంచురాయిని పలచన చేయొచ్చు, గట్టి పలకల బదులు వంగే పూత వేయొచ్చు, వేరుకు తగలకుండా పైనుంచి పలకను వంతెనలా వేయొచ్చు. 25 మిల్లీమీటర్ల కంటే లావు వేరును నిపుణుడు చూడకుండా కోయకూడదు. యంత్రంతో తవ్వకూడని దూరం మాను వ్యాసానికి 12 రెట్లు. చుట్టుకొలత 188 సెంటీమీటర్లుంటే వ్యాసం 60, దూరం 7.2 మీటర్లు. ఇరుకు వీధిలో అంత చోటు దొరకదు కాబట్టి అక్కడ చేత్తోనే తవ్వాలి. వేళ్లు తెగిన చెట్టు ఆ రోజే పడదు. కొన్నేళ్లకు గాలివానలో పడుతుంది, అప్పుడు నింద చెట్టు మీదికి వెళ్తుంది.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో 2012లో మొదలైన రోడ్ల కాంట్రాక్టు కింద వేల చెట్లు పోయాయి. వాటిలో ఫుట్‌పాత్‌ను లేపాయన్న కారణంతో పోయినవి చాలా ఉన్నాయి. జనం పట్టువదలకపోవడంతో 2018 మార్చిలో నరకడం ఆగింది. చెట్లను మళ్లీ పరీక్షించాక చాలావాటిని ఉంచేశారు.

ప్రశ్న: వేరే చోట నాటుతామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: లేత చెట్లయితే సరే. వేళ్లు, మట్టి కలిపి తవ్వి తీసే ముద్ద వెడల్పు మాను వ్యాసానికి కనీసం పది రెట్లుండాలి. 60 సెంటీమీటర్ల మానుకు 6 మీటర్ల ముద్ద కావాలి, రోడ్డు పక్క అంత తవ్వే వీలుండదు. చిన్న ముద్దతో, కొమ్మలన్నీ నరికి తీసుకెళ్లిన చెట్టు రెండు చిగుళ్లు వేసి ఎండిపోతుంటుంది.

ప్రశ్న: రంపాలు వచ్చేస్తే ఏం చేయాలి?

జవాబు: కాపలా వంతులు ముందే వేసుకోండి, తెల్లవారుజామున తప్పకుండా మనిషి ఉండాలి. షెఫీల్డ్‌లో 2016 నవంబరు 17న తెల్లవారకముందే పోలీసులు తలుపులు తట్టి కార్లు తీయించి మరీ నరికించారు. ముందుగా వచ్చినవాళ్లు అనుమతి కాగితం చూపించమని అడిగి, అందులోని నంబర్లతో చెట్ల మీది నంబర్లను సరిచూడాలి. ఒకరు వీడియో తీస్తూ ఉండాలి. రంపం నడుస్తుంటే కొమ్మల కిందికి వెళ్లొద్దు. మిమ్మల్ని ఆపే కోర్టు ఉత్తర్వు ఉంటే, ఆ హద్దు దాటేముందు లాయర్‌ను అడగండి. షెఫీల్డ్‌లో కూడా 2017లో నిరసనకారులు అడ్డుపడకుండా నగర కౌన్సిల్ కోర్టు నిషేధం తెచ్చింది. కూలీలతో గొడవ వద్దు, వాళ్లు ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లు కాదు.

ఇంకో సంగతి. బోర్డులకు మేకులు కొట్టొద్దు, ఆ గాయాల్లోంచే కుళ్లు దిగుతుంది. ఇనుప తీగ అసలు చుట్టొద్దు, మాను లావెక్కేకొద్దీ బెరడును కోసేస్తుంది. వెడల్పాటి గుడ్డ పట్టీ వేలు దూరేంత వదులుగా కట్టి, ధర్నా ముగియగానే విప్పేయండి.