డిస్కౌంట్ గడువు కన్నా పాప పుట్టినరోజు ముఖ్యం

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా ఆయన రైస్ మిల్లులో పనిచేస్తారు, జీతం 19,000. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను, నెలకు ఆరేడు వేలు వస్తాయి. అన్ని ఖర్చులూ పోను 6,000 మిగులుతున్నాయి. పాప నాలుగో తరగతి అయిపోయి ఐదుకు వెళ్తుంది, బాబు మూడుకు వస్తాడు. మొన్న ప్రోగ్రెస్ కార్డుతో పాటు బడివాళ్లు ఒక కాగితం ఇచ్చారు. వచ్చే ఏడాది ఇద్దరికీ కలిపి ఫీజు 60,000. ఏప్రిల్ 30 లోపు మొత్తం కడితే 10 శాతం తగ్గిస్తారట, లేదంటే జూన్, అక్టోబర్, జనవరిలో మూడు టర్ములుగా కట్టాలి. మా దగ్గర 25,000 ఉన్నాయి. అవి పుస్తకాలకు, ఇంటి అవసరాలకు ఉంచుకుని, తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి 54,000 తెచ్చి ఒకేసారి కట్టేద్దామా? లేక నా గాజులు బ్యాంకులో పెట్టనా? పాపకు ఆగస్టులో పదేళ్లు నిండుతాయి, తన పేరు మీద కూడా ఏదైనా మొదలుపెట్టాలని ఉంది.

జవాబు: అక్కా, అప్పు తేవద్దు. గాజులు కూడా ఇంట్లోనే ఉండనివ్వండి.

నూటికి రెండు అంటే వినడానికి చిన్నగానే ఉంటుంది, కానీ అది ఏడాదికి 24 శాతం. 54,000 మీద మొదటి నెల వడ్డీయే 1,080 అవుతుంది. మీకు మిగిలే 6,000 ప్రతి నెలా తప్పకుండా అసలు కింద జమచేసి, వడ్డీని ఇంకెక్కడినుంచో సర్దినా అప్పు తీరడానికి తొమ్మిది నెలలు పడుతుంది, మొత్తం వడ్డీ 5,400. బడివాళ్లు తగ్గించేది 6,000. అంటే ఇంత అవస్థ పడి మీకు మిగిలేది 600 రూపాయలు. ఆ తొమ్మిది నెలల్లో ఒకరికి జ్వరం వచ్చినా, చుట్టాలింట్లో ఒడిబియ్యం కార్యం పడినా ఒక నెల తప్పుతుంది, ఆ 600 కూడా పోతాయి. మన దగ్గర ఎక్కువమంది చేసేది ఏంటంటే వడ్డీ మాత్రం కడుతూ అసలు అలాగే ఉంచేస్తారు, అలా ఏడాది గడిస్తే వడ్డీ కిందే 12,960 పోతాయి, అసలు 54,000 అలాగే ఉంటుంది, అప్పటికి మళ్లీ ఇంకో ఏప్రిల్ వస్తుంది.

బంగారం లెక్క వేరు, దాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. బ్యాంకు ఏడాదికి 9 శాతం తీసుకుంటుంది అనుకుంటే, ఇలాగే నెలనెలా అసలు కడితే వడ్డీ 2,000 చిల్లర అవుతుంది, చార్జీలు పోయినా మీకు మూడు నాలుగు వేలు మిగులుతాయి. అయినా వద్దంటున్నాను, ఎందుకంటే మీ ఇంట్లో ఆపద వస్తే ఆదుకునేది ఆ గాజులు ఒక్కటే. వానాకాలంలో పిల్లలకు డెంగీ వచ్చి ఆసుపత్రిలో పడుకోబెట్టాల్సి వస్తే గంటలో పైసలు పుట్టించేది అవే, వాటిని ఫీజు తగ్గింపు కోసం ముందే బ్యాంకులో పెట్టేస్తే ఆ రోజు మళ్లీ నూటికి మూడు వడ్డీ వాళ్ల దగ్గరికే పోవాలి.

ఉన్న 25,000 కూడా కలిపి కట్టేస్తే అప్పు 29,000 చాలు కదా అనిపించవచ్చు. నిజమే, అలా చేస్తే మే, జూన్‌లో మిగిలేది పుస్తకాలకే పోయినా ఓ 3,000 లాభం కనిపిస్తుంది. కానీ మే నెల మొదలయ్యేసరికి ఇంట్లో రూపాయి ఉండదు, నెత్తిన అప్పు ఉంటుంది. ఇంకో సంగతి, మొత్తం కట్టేశాక మధ్యలో బడి మారాల్సి వస్తే ఆ డబ్బు వెనక్కి రాబట్టడం చాలా కష్టం. మా బాబుకు ఒకసారి ఇలాగే ఏడాది ఫీజు ముందే కట్టాను, దసరా తర్వాత మేం మహబూబ్‌నగర్ మారాల్సి వచ్చింది, ఎన్నిసార్లు తిరిగినా మిగతా టర్ముల పైసలు ఇవ్వలేదు. రసీదు వెనకాల చిన్న అక్షరాల్లో, కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు అని రాసుంది. ఇంటికొచ్చాక చూశాను.

ఇప్పుడు అప్పు లేకుండా ఎలాగో చూద్దాం. కాగితంలో ఉన్నది 60,000, కానీ మీ ఖర్చు అంతటితో ఆగదు. ఇద్దరికీ పుస్తకాలు, నోట్‌బుక్స్ 9,000, యూనిఫాంలు, బూట్లు 4,000, తర్వాత యానివర్సరీ డ్రెస్సులు, ఫొటోలు, పిక్నిక్ కలిపి 3,000 వేశాను, మీకు కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. మొత్తం 76,000. ఆటో డబ్బులు మీ నెల ఖర్చులోనే ఉన్నాయనుకుంటున్నాను. ఉన్న 25,000కు మే, జూన్‌లో మిగిలే 12,000 కలిస్తే, జూన్ 12న బడి తెరిచే రోజుకు మీ చేతిలో 37,000 ఉంటాయి. టర్ము ఫీజు 20,000, పుస్తకాలు, బట్టలకు 13,000 పోతే 4,000 మిగులుతాయి. అక్టోబర్ వరకు నాలుగు నెలల 24,000 చేరితే 28,000, అందులో రెండో టర్ము కట్టాక 8,000. జనవరిలో మూడో టర్ము, ఆ చిల్లర ఖర్చులు అన్నీ పోయినా 3,000 ఉంటాయి. వచ్చే ఏప్రిల్‌కు 21,000 చేతిలో ఉంటాయి, ఎవరికీ బాకీ ఉండరు.

ఇరుకు మాత్రం ఉంటుంది, ముఖ్యంగా జూన్, జూలైలలో. బతుకమ్మ ముందు మీకు జాకెట్లు కుప్పలుగా వస్తాయి కదా, ఆ నెల అదనంగా వచ్చేదాన్ని కిరాణంలో కలపకుండా విడిగా పెట్టండి. ఈ బడి డబ్బు మొత్తానికి ఒక వేరే ఖాతా ఉంటే ఇంకా మంచిది. పక్కింటి పిల్లల పాత పుస్తకాలు దొరికితే మొహమాటపడకుండా తీసుకోండి.

ప్రిన్సిపాల్‌ను కలిసి, ఏ టర్ము ఫీజు ఆ టర్ము మొదట్లోనే కడతాం, కొంత తగ్గిస్తారా అని అడగండి. ఇద్దరు పిల్లలున్న తల్లిదండ్రులను చిన్న బళ్లు వదులుకోవు. ఏ పైసలు దేనికో రాసిచ్చిన రసీదు తీసుకోండి. సెలవుల్లో వీలుంటే మీ దగ్గర్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల కూడా ఒకసారి చూసి రండి. 2022-23 నుంచి అక్కడా ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకాలు, రెండు జతల యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఉచితం. టీచర్లు బాగున్న బడి అయితే బాబు విషయంలో నేనైతే ఆలోచిస్తాను.

పాప ఐదులోకి వస్తోంది కాబట్టి, ఆరో తరగతికి నవోదయ (కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి) పరీక్ష రాసే ఏడాది ఇదే. మీ జిల్లా నవోదయ పెద్దవూర మండలం చలకుర్తిలో ఉంది, దరఖాస్తుకు ఫీజు లేదు. సీట్లలో కనీసం 75 శాతం పల్లె బళ్లలో చదివినవాళ్లకు పోతాయి కాబట్టి పట్నం బడి పిల్లలకు పోటీ గట్టిగానే ఉంటుంది, అయినా రాయించండి.

ఇక ఏప్రిల్ 30 కన్నా మీకు ముఖ్యమైన గడువు ఆగస్టులో ఉంది. సుకన్య సమృద్ధి ఖాతా ఆడపిల్లకు పదేళ్లు నిండకముందే తెరవాలి, పుట్టినరోజు దాటితే ఇక కుదరదు. 250 రూపాయలతో మొదలుపెట్టవచ్చు, ఏడాదికి కనీసం అంతే కట్టినా ఖాతా నడుస్తుంది, ఎక్కువలో ఎక్కువ లక్షన్నర. 15 ఏళ్లు కట్టాలి, తెరిచినప్పటినుంచి 21 ఏళ్లకు చేతికొస్తుంది. అంటే మీ పాపకు ముప్పై ఏళ్లు వస్తాయి, అది తెలిసే చేరండి. పదో తరగతి పాసయ్యాక గానీ 18 నిండాక గానీ పై చదువులకు సగం దాకా తీసుకోవచ్చు. వడ్డీ 2024 జనవరిలో 8.2 శాతం చేశారు, మూడు నెలలకోసారి సమీక్షిస్తారు. ఈ ఏడాది 250తోనే ఆపండి, ఫీజుల ఇరుకు తగ్గాక పెంచుకోవచ్చు. పాప జనన ధ్రువపత్రం, మీ ఆధార్, పాన్, ఫొటోలు తీసుకుని ఈ వారంలోనే పోస్టాఫీసుకు వెళ్లండి. జనన ధ్రువపత్రంలో పేరు లేకపోయినా, తప్పున్నా మున్సిపాలిటీలో సరిచేయించుకోవడానికి రోజులు పడతాయి, అందుకే ఆగస్టు దాకా ఆగొద్దంటున్నాను.