అభ్యర్థుల ఎంపిక కుట్ర అయిన వేళ

ప్రశ్న: హాంకాంగ్ విద్యార్థి నాయకుడు జాషువా వాంగ్ ఇన్నేళ్లుగా జైలులోనే ఎందుకున్నారు? ఆయన చేసిన నేరమేమిటి, విడుదల ఎప్పుడు?

జవాబు: 2011లో తోటి విద్యార్థులతో కలిసి ‘స్కాలరిజం’ అనే సంఘాన్ని స్థాపించేనాటికి జాషువా వాంగ్ వయసు 14 ఏళ్లు. ‘నైతిక, జాతీయ విద్య’ పేరిట చైనా ప్రభుత్వ భావజాలాన్ని తరగతి గదిలోకి తెస్తున్నారంటూ ఆ పిల్లలు ప్రభుత్వ ప్రధాన కార్యాలయం ముందు బైఠాయించగా, ఆ పాఠ్యాంశాన్ని తప్పనిసరి చేసే ఆలోచనను 2012 సెప్టెంబరులో ప్రభుత్వం విరమించుకుంది. హాంకాంగ్ పాలనాధిపతిని స్వేచ్ఛగా ఎన్నుకునే హక్కు కోరుతూ 2014లో 79 రోజులు సాగిన గొడుగుల ఉద్యమంలోనూ ఆయన ముందువరుసలో ఉన్నారు. ఆనాటి కేసులో పడిన ఆరు నెలల శిక్షను 2018లో తుది అప్పీలు న్యాయస్థానం కొట్టివేసింది. అప్పటికింకా అక్కడి కోర్టుల్లో అటువంటి ఊరట సాధ్యమయ్యేదని గమనించాలి.

రాజ్యాధికారాన్ని కూలదోయడం, విదేశీ శక్తులతో కుమ్మక్కవడం వంటివాటిని శిక్షించే జాతీయ భద్రతా చట్టాన్ని 2020 జూన్ 30న బీజింగ్ హాంకాంగ్‌లో అమలులోకి తెచ్చింది. ఆ జులైలో ప్రజాస్వామ్యవాదులు శాసనమండలి ఎన్నికలకు తమ అభ్యర్థులను ఎంచుకునేందుకు సొంతంగా జరిపిన ప్రాథమిక ఎన్నికలో ఆరు లక్షల మందికి పైగా ఓటు వేశారు. మండలిలో ఆధిక్యం సాధించి, బడ్జెట్‌ను తిరస్కరించి, పాలనాధిపతి రాజీనామా చేయక తప్పని స్థితి తేవాలన్నది వారి వ్యూహం. హాంకాంగ్‌కు రాజ్యాంగం వంటిదైన ‘బేసిక్ లా’లోనే ఇందుకు వీలుంది: బడ్జెట్‌ను తిరస్కరించిన మండలిని పాలనాధిపతి రద్దు చేయవచ్చు, కొత్తగా ఎన్నికైన మండలి కూడా తిరస్కరిస్తే ఆయన పదవి వదులుకోవలసిందే. అయినా ఆ వ్యూహాన్ని రాజ్యాధికారాన్ని కూలదోసే కుట్రగా పరిగణించి వాంగ్ సహా 47 మందిపై అభియోగం మోపారు. చట్టం ఇచ్చిన అధికారాన్ని వాడుకుంటామని బహిరంగంగా చెప్పడం కుట్ర ఎలా అవుతుందో నాకు నేటికీ మింగుడుపడదు.

2019 నాటి ఒక నిరసన కేసులో వాంగ్ అప్పటికే జైలులో ఉన్నారు. జ్యూరీ లేకుండా, పాలనాధిపతి ఎంపిక చేసిన జాబితాలోని న్యాయమూర్తులు ఆ 47 మంది కేసును విచారించారు. నేరం ఒప్పుకున్న వాంగ్‌కు 2024 నవంబరు 19న నాలుగేళ్ల ఎనిమిది నెలల శిక్ష పడింది.

ఇక విడుదల మాట. ఆ శిక్ష ముగియకముందే, 2025 జూన్‌లో, విదేశీ శక్తులతో కుమ్మక్కయ్యేందుకు కుట్ర పన్నారని ఆయనపై మరో అభియోగం నమోదైంది. దానికి గరిష్ఠ శిక్ష యావజ్జీవ కారాగారం కనుక, పాత శిక్షను లెక్కగట్టి విడుదల తేదీ చెప్పడం ఇప్పుడు సాధ్యం కాదు.