గూడు ఒకరిది, కాపురం మరొకరిది
(పిట్టల మీద పాఠకుల ప్రశ్నలు, మా శీర్షిక నిర్వాహకురాలి జవాబులు)

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సెల్లార్ కప్పుకి కిందటేడు ఒక జంట మట్టిగూడు కట్టింది. కూజాను అడ్డంగా అతికించినట్టు ఉంటుంది. ఈ ఏడు దాని మూతి చుట్టూ ఈకలు అంటుకుని ఉన్నాయి. వచ్చిపోయే పిట్ట కూడా వేరేలా ఉంది. ఒళ్లంతా నలుపు, తోక మొదట్లో తెల్లటి పట్టీ. ఇది వానకోవెలేనా? కార్ల మీద రెట్ట పడుతోందని గూడు రాల్చేయమంటున్నారు. ఫొటోలు పంపుతున్నాను.
– ఒక గృహిణి, అత్తాపూర్

జవాబు: గూడు వానకోవెలదేనమ్మా, అంటే స్వాలోది. ఇప్పుడు అందులో కాపురం ఉంటున్నది మాత్రం మంగలికత్తి పిట్ట, అంటే స్విఫ్ట్. కట్టిన జంట ఎర్రనడుము వానకోవెలలు. బర్డ్‌వాచర్లు రెడ్‌రంప్డ్ స్వాలో అంటారు. వీపు నిగనిగలాడే ముదురు నీలం, నడుము ఇటుక రంగు, పొట్ట మీద సన్నటి గీతలు, తోక రెండుగా బాగా చీలి ఉంటుంది. తడి మట్టిని ముక్కుతో తెచ్చి, ఉండ పక్కన ఉండ పేర్చి ఒక గది, దాన్లోకి పోవడానికి ఇరుకు దారి కడతాయి. స్విఫ్ట్‌కి ఆ విద్య రాదు. మట్టి తేవాలంటే నేల మీద వాలాలి, దాని కాళ్లు అందుకు పనికిరావు. గాలిలో తేలే ఈకలూ గడ్డిపరకలూ ఎగురుతూనే పట్టుకుని తన ఉమ్మితో అతికిస్తుంది. కట్టి ఉన్న మట్టిగది దొరికితే అందులో దూరిపోతుంది. మీరు చూసిన ఈకలు అవే. చార్మినార్ కమానుల దగ్గర కీచుమంటూ గుంపుగా తిరిగేవి కూడా ఈ పిట్టలే.

రాల్చేయమన్న వాళ్లకు నా మాటగా చెప్పండి: లోపల గుడ్లో పిల్లలో ఉండగా గూడు ముట్టుకోవద్దు. గూటికి కాస్త కిందుగా ఒక చెక్క పలక వేలాడదీస్తే రెట్ట దాని మీదే పడుతుంది, వారానికోసారి కడుక్కోవచ్చు. అంత చిన్న పనికి బద్ధకించి పిల్లలను నేలపాలు చేయడం నాకు మింగుడుపడదు. పిల్లలు వెళ్లిపోయాక కూడా గూడు ఉంచితే మరీ మంచిది. వానకోవెలలు పాత గూటికే తిరిగొచ్చి మరమ్మతు చేసుకుంటాయి.

ప్రశ్న: స్వాలో, స్విఫ్ట్ ఒకేలా ఎగురుతాయి, రెండూ గాలిలోనే పురుగులు పట్టి తింటాయి. మరి పూర్తిగా వేరు వేరు వర్గాలు ఎలా అయ్యాయి మేడమ్?
– డిగ్రీ విద్యార్థి, మెహదీపట్నం

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషం బాబూ. 1758లో జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ కూడా రెండింటినీ హిరుండో అనే ఒకే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో పెట్టాడు. 1777లో స్కోపోలి అనే శాస్త్రవేత్త స్విఫ్ట్‌లను విడదీసి ఏపస్ అనే ప్రజాతి ఏర్పరిచాడు. పైరూపాన్ని వదిలి కాళ్లు చూడు. వానకోవెలకు పిచ్చుకకు ఉన్నట్టే మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కి. అందుకే కరెంటు తీగ మీద హాయిగా కూర్చుంటుంది. చార్మినార్ స్విఫ్ట్‌కి నాలుగు వేళ్లూ ముందుకే తిరుగుతాయి. గోడను గీరుకుని వేలాడగలదు గానీ తీగను పట్టుకోలేదు. తీగ మీద కూర్చున్నది ఎన్నటికీ స్విఫ్ట్ కాదు. తోక ఈకలు కూడా వానకోవెలకు పన్నెండు, స్విఫ్ట్‌కి పది. స్విఫ్ట్‌కి దగ్గరి చుట్టం అమెరికా ఖండాల హమ్మింగ్‌బర్డ్. వానకోవెల పిచ్చుకలూ కాకులూ ఉన్న పాసరిఫార్మీస్ క్రమంలోది. ఎగిరే పురుగులను వేటాడే బతుకు వేరు వేరు వంశాలను ఒకే అచ్చులోకి తెచ్చింది.

వానకోవెలల కుటుంబం పేరు హిరుండినిడే. దాదాపు 90 జాతులు. వీటిలో కొన్నిటిని మార్టిన్లు అంటారు. రెండే జాతులున్న చిన్న ఉపకుటుంబం ఒకటి నది మార్టిన్లది: ఒకటి ఆఫ్రికాలో కాంగో నదీ ప్రాంతంలో ఉంటుంది. రెండోది థాయిలాండ్‌లోని బుంగ్ బోరాపెట్ సరస్సు దగ్గర 1968లో బయటపడింది. 1980 తర్వాత అది ఎవరికీ నిర్ధారణగా కనిపించలేదు. తలచుకుంటే దిగులేస్తుంది. మిగతావన్నీ రెండో ఉపకుటుంబంలోనివి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇప్పుడు చెబుతాను. 1993లో వింక్లర్, షెల్డన్ అనే శాస్త్రవేత్తలు ఈ పిట్టల డీఎన్‌ఏ పోల్చి ఒక వంశవృక్షం గీశారు. గూళ్ల తీరు దానితో చక్కగా కలిసింది. గట్లలో బొరియ తవ్వుకునేవి కొన్ని, చెట్టు తొర్రల్లో చేరేవి కొన్ని, మట్టితో కట్టేవన్నీ ఒకే కొమ్మ. ఆ కొమ్మలో మొదట పైకి తెరిచి ఉన్న అరచిప్ప గూడు, తర్వాత మూసిన గది, ఆపైన పొడుగు మూతి ఉన్న గది. దీనికోసం నువ్వు ఊరు దాటక్కర్లేదు. గోల్కొండ లాంటి పాత కోటల్లో, బండరాళ్ల కింద ముదురు గోధుమరంగు క్రాగ్ మార్టిన్ కట్టేది అరచిప్ప. నీటి మీది వంతెనల కింద తీగతోక వానకోవెల కట్టేదీ అదే. మూతి ఉన్న గది మొదటి ఉత్తరంలోని అత్తాపూర్ సెల్లార్‌లోది. గీతలగొంతు వానకోవెలలైతే అలాంటి గదులను ఒకదానికొకటి ఆనించి వంతెన కింద పెద్ద పేటనే కడతాయి.

ప్రశ్న: చలికాలంలో హిమాయత్‌సాగర్ వైపు తీగల మీద వరసగా కూర్చునే పిట్టలు ఎక్కణ్నుంచి వస్తాయి?
– ఒక పాఠకుడు, రాజేంద్రనగర్

జవాబు: నుదురూ గొంతూ ముదురెరుపుగా, ఛాతీకి అడ్డంగా నల్లపట్టీ ఉంటే అవి బార్న్ స్వాలోలు, హిరుండో రస్టికా. హిమాలయాల్లోనూ, వాటికి ఉత్తరాన ఆసియాలోనూ పిల్లలను పెంచి చలికాలానికి మన చెరువుల మీదికి దిగుతాయి. వాటి తూకం 20 గ్రాములకు అటూ ఇటూ. యూరప్‌లో పుట్టినవి ఆఫ్రికాకు, ఉత్తర అమెరికాలో పుట్టినవి దక్షిణ అమెరికాకు వెళతాయి. ఈజిప్టులో ఉండే ఉపజాతి మాత్రం ఎటూ పోదు. అర్జెంటీనాకు చలికాలపు అతిథిగా వెళ్లే ఈ పిట్ట 1980లో అక్కడే గూళ్లు పెట్టడం మొదలెట్టింది. మన ఎర్రనడుము వానకోవెల ఏడాది పొడవునా ఇక్కడ కనిపిస్తుంది. జాతుల లెక్కలో ఆఫ్రికాదే పైచేయి. అంటార్కిటికాలో తప్ప ప్రతి ఖండంలోనూ ఈ కుటుంబం గూళ్లు పెడుతుంది.

ప్రశ్న: పిచ్చుకలకు పెట్టినట్టు బాల్కనీలో చెక్కపెట్టె పెడితే వానకోవెలలు వస్తాయా?
– ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: రావు. ఉత్తర అమెరికా తూర్పు భాగంలో పర్పుల్ మార్టిన్లు దాదాపు పూర్తిగా మనుషులు పెట్టే పెట్టెల మీదే ఆధారపడ్డాయి గానీ, మన ఊళ్లో ఇళ్లకు వచ్చేవి మట్టితో కట్టుకునే రకాలు. వాటికి కావలసింది తడి మట్టి. మీ ఆవరణంతా సిమెంటు చేయించి ఉంటే ఒక మూల చిన్న మడి వదిలి, ఎండాకాలం చివర్లో రోజూ తడిపి బురదగా ఉంచండి. పిట్ట భయపడకుండా వాలేలా మడి చుట్టూ ఖాళీ ఉండాలి, పిల్లులు నక్కే పొదలు ఉండకూడదు.