తాత్కాలిక అనుమతి చాలదు

ప్రశ్న: శంకర్‌పల్లి దగ్గర వెంచర్‌లో ప్లాటు చూశాం. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) తాత్కాలిక లేఅవుట్ ఉందంటున్నారు. బయానా ఇవ్వమంటారా? – ఒక పాఠకురాలు

జవాబు: తొందరపడకమ్మా. తాత్కాలిక లేఅవుట్ అంటే రోడ్లు, డ్రైన్లు, నీళ్ల లైన్లు, కరెంటు స్తంభాలు వేసి చూపించే బాధ్యత డెవలపర్‌మీద ఇంకా ఉందన్నమాట. దానికి పూచీగా ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతం హెచ్‌ఎండీఏకు తనఖా పెడతారు. పనులు తనిఖీ చేసి తుది లేఅవుట్ ఇచ్చాకే దాన్ని విడిపిస్తారు. మీకు చూపించిన ప్లాటు ఆ తనఖాలో ఉందేమో! బ్రోషర్ పక్కనపెట్టి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తిమీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) తీయించండి, తనఖా దస్తావేజులో ప్లాటు నంబర్లు చదవండి.

టౌన్‌ప్లానింగ్‌లో ఉన్నప్పుడు ఒక వెంచర్‌లో మ్యాన్‌హోల్ మూత ఎత్తించాను. పైన తారు నిగనిగలాడుతోంది, కింద పైపే లేదు, ఉత్త మట్టి. మీరూ మూతలు ఎత్తించండి. వానపడ్డ మర్నాడు వెళ్లి నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. తుది లేఅవుట్ కాపీ చేతికొచ్చాకే డబ్బు తీయండి.