బైబిల్లో ‘నిరీక్షణ’ అంటే ఆశా, ఎదురుచూపా?

‘విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ’ అన్నచోట నిరీక్షణకి అర్థం ఏమిటని అడిగారు. గుంటూరులో పుట్టి, ప్రతి ఆదివారం ఆ మాట వింటూ పెరిగిన నాకూ చాలాకాలం ఇదే సందేహం. బయట నిరీక్షణ అంటే బస్సు కోసమో రిజల్ట్స్ కోసమో పడిగాపులు. చర్చిలో అదే ఆశ అయిపోతుంది. అక్కడ మూలంలోని గ్రీకు మాట ఎల్పిస్, అంటే ఆశే. మనవాళ్ళు ‘ఆశ’ అని ఎందుకు వేయలేదంటే, తెలుగులో దానికి కాస్త అత్యాశ వాసన ఉంటుంది కాబట్టేమో. ఇది నా ఊహ మాత్రమే.

నాకు ఇంకా ఇష్టమైన మాట కీర్తనల్లోని ‘కనిపెట్టు’. ‘యెహోవాకొరకు కనిపెట్టుకొని యుండుము’ అని చదివి, సైంటిస్టులు కనిపెట్టడం లాంటిదేదో అనుకునేదాన్ని. మా అమ్మమ్మ రోజూ “పొయ్యి మీద పాలున్నాయే, కాస్త కనిపెట్టుకుని ఉండు” అంటున్నా వెలగలేదు.

వెలిగించింది నాన్న. కొన్నేళ్ళు మిర్చి కోల్డ్ స్టోరేజీలో నైట్ వాచ్‌మన్‌గా చేశాడు. 130వ కీర్తనలో ‘కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా’ అని ఒకే వచనంలో రెండుసార్లు వస్తుంది. మూలభాష హీబ్రూలోనూ కావలివాళ్ళూ ఉదయమూ రెండుసార్లే. అచ్చుతప్పా అనడిగితే నవ్వాడు. “రాత్రి మూడింటికి టైమ్ చూస్తాం. చాలాసేపైందిలే అని మళ్ళీ చూస్తే మూడుంపావు కూడా అయ్యుండదమ్మా” అన్నాడు. ఏ వ్యాఖ్యానంలోనూ నేను ఇంత బాగా చదవలేదు.

గమనించారా, మన మాటలన్నీ కంటికి సంబంధించినవే: కనిపెట్టడం, ఎదురుచూడటం, నిరీక్షణలోని ఈక్షణం కూడా చూపే. హీబ్రూ దారి వేరు. అక్కడ ఆశకి తిక్వా అంటారు. బైబిల్లోని యెహోషువ గ్రంథంలో, ఇశ్రాయేలు వేగులవాళ్ళని దాచిన రాహాబు అనే ఆవిడ కిటికీకి కట్టిన ఎర్ర తాడుకీ అదే మాట. పట్టుకుని వేలాడేది అన్నమాట.

ఒకటి మాత్రం చెప్పాలి. ఎదురుచూపు అనగానే అందరూ యెషయా 40లోని పక్షిరాజు రెక్కల వచనమే చెబుతారు: యెహోవా కోసం ఎదురుచూసేవాళ్ళు పక్షిరాజుల్లా రెక్కలు చాచి ఎగురుతారని. నేను డీఎస్సీకి చదువుతూ ఇంట్లో కూర్చున్నప్పుడు చుట్టాలు అదే చదివి, “దేవుని సమయం రావాలమ్మా” అనేవాళ్ళు. ఒళ్ళు మండేది. 13వ కీర్తనలో దావీదు మొదటి రెండు వచనాల్లోనే ఎన్నాళ్ళు, ఎంతకాలం, ఎంతవరకు అంటూ నాలుగుసార్లు నిలదీస్తాడు. ఆ రోజుల్లో నా బైబిల్ తెరిస్తే ఆ పేజీ దగ్గరే తెరుచుకునేది.