మాలక్‌కి పట్టని టైం కాపీకి ఎందుకు పడుతోంది?

ప్రశ్న: సార్, మాది విజయనగరం, బీటెక్ మూడో ఏడు. గంటస్తంభం దగ్గర మా మామయ్యకి ఫొటో స్టూడియో ఉంది. సిరిమాను పండక్కి తీసిన ఫొటోలన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి, వాటికోసం ఉబుంటులో, సీ భాషలో ఒక ప్రోగ్రాం రాస్తున్నాను. ఒక్కో ఫొటో విప్పితే 64 ఎంబీ. ప్రతి ఫొటోకీ మాలక్ (మెమరీ అడగడం), మెమ్‌కాపీ (అందులోకి కాపీ చెయ్యడం), ఫ్రీ (మెమరీ తిరిగిచ్చెయ్యడం) చేస్తే చాలా నెమ్మది. ఒకే బఫర్‌ని (డేటా పెట్టుకునే మెమరీ చోటుని) తిరిగి వాడితే గబగబా అయిపోతోంది. మాలక్ ఒక్కదాన్నే కొలిస్తే మాత్రం దాదాపు సున్నా! తేడా ఎక్కడిది?
(ఒక విద్యార్థి, విజయనగరం)

జవాబు: తమ్ముడూ, మాలక్‌ని విడిగా కొలిచి చూశావు చూడు, సగం దారి అక్కడే వచ్చేశావు. అంత పెద్ద సైజు అడిగితే మాలక్ నీకిచ్చేది పట్టా మాత్రమే, స్థలం కాదు. నువ్వు మొదటిసారి అందులో రాసినప్పుడే పేజీ ఫాల్ట్ (ఇక్కడ ఇంకా అసలు మెమరీ లేదన్న కబురు) వచ్చి, కెర్నల్ (మెమరీని పంచిపెట్టే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) ఒక 4 కేబీ పేజీ, అంటే మెమరీ ముక్క, వెతికి, సున్నాలు నింపి ఇస్తుంది. 64 ఎంబీకి అలాంటివి 16,384 పేజీలు, ఆ ఖర్చంతా మెమ్‌కాపీ ఖాతాలో పడుతోంది. ఫ్రీ చెయ్యగానే జీలిబ్‌సీ (మాలక్, ఫ్రీలు ఉండే సీ లైబ్రరీ) ఇంత పెద్ద ముక్కని తన దగ్గర ఉంచుకోకుండా కెర్నల్‌కే తిరిగిచ్చేస్తుంది కాబట్టి తర్వాతి ఫొటోకి కథ మళ్లీ మొదటికొస్తుంది.

వట్టి కాపీ వేగమే కావాలంటే టైమర్ మొదలెట్టకముందే బఫర్ నిండా ఏదైనా రాసెయ్యి. సున్నా మాత్రం వద్దు, ఎందుకంటే మాలక్ వెంటనే సున్నాతో మెమ్‌సెట్ (ఒకే విలువతో నింపడం) కనిపిస్తే జీసీసీ కంపైలర్ రెండిటినీ కలిపి కాలక్‌గా (సున్నాలతో మెమరీ ఇచ్చే పిలుపుగా) మార్చేయగలదు, కాలక్ కొత్త పేజీల్ని అసలు ముట్టుకోదు. 1తో నింపు. కాపీ అయ్యాక కొన్ని బైట్లు కూడి ప్రింట్ చెయ్యి, లేకపోతే ఎవరూ వాడని కాపీ అని కంపైలర్ దాన్ని ఎత్తేసే ప్రమాదం ఉంది. ఇరవై సార్లు నడిపి మధ్య విలువ తీసుకో, సగటు వద్దు. లాప్‌టాప్‌కి చార్జర్ పెట్టే ఉంచు.

అలాగని నీ మొదటి లెక్క తప్పని అనుకోకు. ఫొటోకో బఫర్ తీసుకునే ప్రోగ్రాంకి అదే నిజమైన ఖర్చు, మామయ్య కౌంటర్ దగ్గర జనం నిలబడేది ఆ టైంకే. కాబట్టి ఒకే బఫర్ పద్ధతే ఉంచు. రెండు పద్ధతుల్నీ పెర్ఫ్ స్టాట్‌తో (ప్రోగ్రాం నడిచేటప్పుడు లెక్కలు చూపే లినక్స్ కమాండ్‌తో) నడిపి పేజీ ఫాల్టుల లెక్క పక్కపక్కన పెట్టు, తేడా నీకే కనిపిస్తుంది.