రంగు వేస్తే వాహనాలు ఆగుతాయా?

ప్రశ్న: మా హైస్కూలు ఎదుటి నాలుగు రోడ్ల కూడలిలో ఆటోలు, బైకులు వేగం తగ్గించకుండానే మలుపు తిరుగుతున్నాయి. పిల్లలు రోడ్డు దాటడం గండంగా మారింది. రోడ్డు మీద రంగుల బొమ్మలు వేయిస్తే ప్రమాదాలు తగ్గుతాయని మా వార్డు యువకులు చందాలు పోగుచేస్తున్నారు. ఇది పనిచేస్తుందా, డబ్బు దండగేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: దండగ కాదు. అయితే బొమ్మ ఎంత అందంగా ఉందన్న దానికంటే దాన్ని ఎక్కడ వేశారన్నదే ముఖ్యం. మలుపు విశాలంగా ఉన్నచోట డ్రైవరు బ్రేకు తొక్కకుండానే తిరిగిపోతాడు. రోడ్డు మూలను రంగుతో ముందుకు జరిపి, అంచున స్తంభాలు నిలిపితే మలుపు ఇరుకై వేగం తగ్గించక తప్పదు. పైగా 12 మీటర్ల రోడ్డులో ఇరువైపులా రెండేసి మీటర్లు నడిచేవారికి కలిస్తే దాటవలసింది 8 మీటర్లే కనుక, సెకనుకు మీటరు చొప్పున నడిచే ముసలమ్మ వాహనాల మధ్య గడిపే సమయం 4 సెకన్లు తగ్గుతుంది.

న్యూయార్క్ నగరం 2009లో టైమ్స్ స్క్వేర్ వద్ద బ్రాడ్‌వే వీధిలోకి వాహనాలు రాకుండా ఆపి, మొదట రంగుతో, మడత కుర్చీలతో సరిపెట్టింది. ఆ ప్రాజెక్టు ప్రాంతంలో పాదచారుల గాయాలు 35 శాతం తగ్గాయని తేలాక మార్పును శాశ్వతం చేసింది. అమెరికాలో రోడ్లపై రంగుల బొమ్మలు వేసిన 17 చోట్లను పరిశీలించి, బ్లూమ్‌బర్గ్ ఫిలాంత్రపీస్ అనే దాతృత్వ సంస్థ 2022లో వెలువరించిన అధ్యయనంలో పాదచారుల వంటి, చుట్టూ వాహనపు రక్షణ లేనివారికి జరిగే ప్రమాదాల రేటు 50 శాతం తగ్గినట్లు తేలింది. 17 చోట్లంటే చిన్న లెక్కే. పైగా అక్కడ మన ఆటో స్టాండ్లు లేవు!

అందుకే స్తంభాల ఖర్చు దగ్గర పిసినారితనం పనికిరాదు. అవి లేకపోతే రంగు వేసిన మూల వారం తిరక్కముందే పార్కింగు స్థలమవుతుంది. బరువైన సిమెంటు పూలకుండీలైనా చాలు, కానీ పిల్లలు వాటి చాటున కనిపించకుండా పోయేంత ఎత్తు ఉండకూడదు. నున్నటి ఎనామిల్ రంగు మీద వానలో బైకులు జారుతాయి. రోడ్డు గీతలకు వాడే రంగులో సన్నని ఇసుక కలిపించండి. జీబ్రా క్రాసింగు తెల్ల చారల జోలికి వెళ్లవద్దు. గుంతలా, దిమ్మెలా భ్రమ కలిగించే బొమ్మలూ వద్దు. వాటిని చూసి ఎవరైనా హఠాత్తుగా బ్రేకు వేస్తే వెనుక వచ్చేవారు గుద్దుకుంటారు.

ముందుగా సున్నంతో గీతలు గీసి, స్కూలు బస్సు ఆ మలుపులో తిరగగలదో లేదో చూడండి. దానికైనా పురపాలక కమిషనరు, ట్రాఫిక్ పోలీసుల లిఖితపూర్వక అనుమతి తీసుకోవాలి. అది ఆర్ అండ్ బీ రోడ్డయితే ఆ శాఖ ఇంజనీరు సమ్మతి కూడా ఉండాలి.